రోటిమిట్ట రోటమ్మ తల్లి

పల్నాటి సీమలో, వాగు మలుపు తిరిగే చోట, నల్లరేగడి చేల నడుమ రోటిమిట్ట అనే చిన్న దిబ్బ ఉన్నది. దానిమీద వెలసిన రోటమ్మ తల్లికి కరచరణాదులు లేవు. భూమిలో సగం దిగబడిన రాతిరోలే అమ్మవారి మూర్తి. కుంకుమకు మారుగా ఎండుమిరప పొడిని ఆ రోటి అంచున దిద్దుతారు. యాత్రికులు గుడి మెట్లెక్కక మునుపే ఘాటు ఎదురువచ్చి స్వాగతం పలుకుతుంది.

పూర్వం ఇక్కడ గురవమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె కాపురానికి వచ్చేనాడు తల్లి కొంగున మిరప విత్తనం ముడివేసి పంపింది. కాయ పొట్టి, రంగు ముదురు, నాలుకమీద నిప్పు. ఆనాడు ఊరికొక కట్టడి ఉండేది. కళ్లంలోని రాశి అమ్ముడుపోయేదాకా అందులోని ఒక్క కాయైనా వంటింటి గడప దాటరాదు. తాము ముందుగా ముట్టితే లక్ష్మి ఎంగిలిపడుతుందని వారి భయం. అమ్మకం పోగా మిగిలిన తాలుకాయలే, రంగు వెలిసి పస చచ్చినవే, ఏడాది పొడుగునా ఇంటి కూరలకు గతి.

ఆ యేడు మిరప కొనవచ్చిన బండ్లవారు పొడుగుకాయలు వెతుక్కుంటూ పోయారే గాని గురవమ్మ రాశివంక చూడలేదు. ఈ పొట్టికాయ తినేవాడెవడని ఒకడు నవ్విపోయాడు. పడమట అకాలపు మబ్బు పట్టింది. భర్త వెంగయ్య విసిగి, తొలిచినుకు పడగానే రాశిని వాగులో కలుపుతాననీ, ఆ విత్తు ఇక తన చేలో పడనీయననీ తెగేసి చెప్పాడు. గురవమ్మ పుట్టింట ఆ విత్తనం అప్పటికే అంతరించింది. ఈ రాశితో పోతే లోకంలోనే లేనట్లు.

మిట్టమధ్యాహ్నం ఆమె కాయలు తిరగవేస్తూండగా ఒక ముదుసలి వచ్చి ఆకలన్నది. గురవమ్మ విస్తరి పరచి అన్నమూ పప్పూ వడ్డించింది. ముదుసలి ఒక ముద్ద నోట పెట్టుకొని ఆగింది.

"ఇంత రాశి ముందు కూర్చోబెట్టి చప్పిడి కూడు పెడతావుటే తల్లీ?"

గురవమ్మ తలవంచుకొని ఊరి కట్టడి వివరించింది.

"నీ పొయ్యి ఎరుగని రుచిని పరాయి పొయ్యి ఎట్లా అడుగుతుందే? ముందు నువ్వు తిను."

కట్టడి మీరితే ఊరు వెలివేయవచ్చు. మీరకుంటే విత్తు నశిస్తుంది. గురవమ్మ కళ్లు మూసుకొని దోసెడు కాయలు తీసింది. దోరగా వేపి, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి చేర్చి కళ్లం పక్కనున్న రోట్లో దంచసాగింది. ఎర్రని ధూళి లేచింది. ముదుసలి పెద్దగా తుమ్మింది. సరిగ్గా అప్పుడే వచ్చిన అత్త రోశమ్మ నెత్తి కొట్టుకొని, "రాశి ముట్టింది చాలక, అపశకునం కూడానా" అన్నది.

ముదుసలి కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ప్రాణమున్న కాయ గనుక తుమ్మించింది రోశమ్మా. ఒక ముద్ద తిని, ఆ తరువాత తిట్టు."

తన పేరు ఈమెకెట్లా తెలిసిందా అని నివ్వెరపోతూనే రోశమ్మ కూర్చున్నది. వేడి అన్నం, నెయ్యి, ఆ పొడి. ముద్ద దిగిన పిమ్మట ఆమె కోడలిని తిట్టలేదు. మారు వడ్డించమన్నది.

ఘాటు బాటకెక్కింది. దారిన పోయే బండ్లవారు ఎద్దులను నిలిపి, అడిగి తిని, పొట్లాలు కట్టించుకొని ఇళ్లకు పోయారు. మరునాటికి వారి ఇల్లాండ్రే వారిని తిరిగి తరిమారు. ఒకరికి ఆవకాయకు కావాలట, ఒకరికి చారు పోపుకు, మరొకరికి బిడ్డకు దిష్టి తీయడానికి. చినుకు రాకమునుపే రాశి కరిగింది. వెంగయ్య తానే విత్తనపు కాయలు ఏరి దాచాడు. ముదుసలి కోసం వెతికితే ఆమె కానరాలేదు. రోలు మాత్రం భూమిలోకి దిగబడి, ఎందరు పెకలించబోయినా కదలలేదు.

నేటికీ కొత్తపంటలో ఒక్క బస్తా మిర్చి యార్డుకు కదలక మునుపే, ప్రతి ఇంటివారూ తమ రాశిలోని మేలుకాయలు తెచ్చి గుడి ముంగిట దంచుతారు. ఆ కారపు అన్నాన్ని అత్తలే తొలుత కోడళ్లకు వడ్డించాలి. కొత్త కాపురానికి ఆ పొడి తీసుకుపోయిన వారి వంటింట రుచికి కొరత రాదని నమ్మిక. అన్యత్ర తుమ్ము అపశకునం. ఈ మిట్టమీద ఎవరు తుమ్మినా చుట్టూ ఉన్నవారు చేతులు జోడించి, అమ్మ ఆరగించిందంటారు.