నూట ఎనిమిది బిరుదుల విచారణ

ఒకానొక రాజ్యంలో ఒక రాజుండేవాడు. ఆయన పేరు పూర్తిగా చెప్పడానికి ఒక పూట పట్టేది. అసలు పేరు ఉగ్రకేతుడే. ఆ పేరుకు ముందు నూట ఎనిమిది బిరుదులుండేవి. వాటన్నిటినీ తన ఉత్తరీయం అంచు మీద నేయమని ఆయన ఒకసారి నలభై ఇద్దరు నేతగాళ్ళను ఆజ్ఞాపించాడు. నూట ఏడవ బిరుదు దగ్గర అంచు అయిపోయింది. మరునాటి నుంచి ఆ నేతగాళ్ళు ఎవరికీ కనబడలేదు.

అలాంటి పాలన ఎన్నాళ్ళని సాగుతుంది? ప్రజలు తిరగబడ్డారు. ఉగ్రకేతుణ్ణి గద్దె దింపి, అతని దాయాది ఇందుశేఖరుణ్ణి రాజును చేశారు. కొత్తరాజు కోట ముంగిట పందిరి వేయించి, బహిరంగ విచారణ అని చాటింపు వేయించాడు.

చూడడానికి జనం బండ్లు కట్టుకొని వచ్చారు. మరమరాలు, చెరుకు ముక్కలు, మజ్జిగ అమ్మేవాళ్ళు పందిరి చుట్టూ దిగారు. ఎనిమిదేళ్ళు వంచిన తలను ఎత్తి, గద్దె దిగిన రాజు మొహం ఎలా ఉంటుందో చూడాలని అందరికీ ఆత్రమే.

అయితే విచారణ ముందుకు సాగితేనా! పట్టాభిషేకం జరిగినవాణ్ణి ప్రశ్నించే ముందు అతని బిరుదులన్నీ చదవాలన్నది ఆ రాజ్యపు ఆచారం. వంది ఒక్కొక్క బిరుదూ చదవడం, దాని మీద ఒక పద్యం, ఆపైన భేరీ మీద మూడు దెబ్బలు. నూట ఎనిమిదీ ముగిసేసరికి సూర్యుడు అస్తమించేవాడు. అస్తమయం తరువాత ధర్మాసనం కొలువు తీరరాదన్నది మరొక ఆచారం. ఉగ్రకేతుడు మీసం దువ్వుకుంటూ చెరసాలకు తిరిగి వెళ్ళేవాడు. మరునాడు మళ్ళీ మొదటి బిరుదు.

మూడు రోజులు ఇలాగే గడిచాయి. జనానికి మాత్రం వేడుకగా ఉంది. వందితో గొంతు కలిపి బిరుదులు చదివేవాళ్ళు కొందరు, యాభయ్యో బిరుదుకు చప్పట్లు కొట్టేవాళ్ళు కొందరు.

ధర్మాసనం పక్కన కూర్చుని జరిగినదంతా తాటాకు మీద వ్రాసే రాయసం గవరయ్యకు ఆ వేడుక మింగుడు పడలేదు. ముందు వరుసలో పోలమ్మ అనే నేతగత్తె మూడు రోజులుగా నిలబడే ఉంది. కనబడకుండా పోయిన వాళ్ళలో ఆమె మగడు చెంగయ్య ఒకడు.

మూడవనాటి సాయంకాలం ఆమె గవరయ్యకు ఎదురు వచ్చింది.

"రాయసంగారూ, మా వాళ్ళను ఎక్కడ పెట్టావని ఆయన్ను ఒక్క మాట అడగడానికి ఇన్ని రోజులా? రాజే పడిపోయాక, అక్కడ వాళ్ళకు గంజి పోసేవాడైనా ఉన్నాడో లేదో!"

"అది ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదమ్మా. కావలివాళ్ళు కూడా పారిపోయారు."

"తెలిసినవాడు ఎదురుగానే కూర్చున్నాడు. మీరేమో ఆయనకు స్తోత్రం చదువుతున్నారు!"

గవరయ్య తల వంచుకున్నాడు.

తిన్నగా ఇందుశేఖరుని వద్దకు వెళ్ళి, బిరుదుల పఠనం ఆపించమని వేడుకున్నాడు. కొత్తరాజు మొహం ముడుచుకుంది. గద్దెనెక్కి నెల తిరగకముందే ఆయన అరవై నాలుగు బిరుదులు సంపాదించాడు మరి.

"ఒక రాజు బిరుదులు ఆపిస్తే, రేపు మా బిరుదుల సంగతేమిటి? ఒక్క అక్షరం తగ్గడానికి వీల్లేదు."

"చిత్తం మహాప్రభూ. తగ్గనివ్వను" అన్నాడు గవరయ్య.

నాల్గవనాడు వంది గొంతు సవరించుకొని "సమరసింహ!" అన్నాడో లేదో, గవరయ్య లేచి నిలబడ్డాడు.

"మహాప్రభూ, సాక్షి లేని మాట తాటాకుకు ఎక్కరాదని ధర్మాసనం నియమం. నేనేమో ఈ బిరుదులను ఎనిమిదేళ్ళుగా సాక్షి లేకుండానే వ్రాస్తున్నాను. అపరాధం నాదే. ఈరోజు నుంచి బిరుదుకు ఒక్క సాక్షిని ఇప్పిస్తే, అన్నీ పొల్లుపోకుండా వ్రాసుకుంటాను."

ఇందుశేఖరుడు తడబడ్డాడు. నియమం నియమమే. ఉగ్రకేతుడు మాత్రం పకపకా నవ్వాడు.

"సాక్షులా? లోకమంతా మా సాక్షియే!"

"లోకం ఇక్కడే మరమరాలు తింటోంది ప్రభూ" అని గవరయ్య జనం వైపు తిరిగాడు. "సమరసింహ. ఈయన యుద్ధం చూసినవారు ఎవరైనా ఉన్నారా?"

ఒక ముసలి సైనికుడు చేయెత్తాడు. "నేనున్నాను బాబూ. దొరవారి గుర్రం పట్టుకున్నవాణ్ణి. యుద్ధం ఎటున్నా, ఆ గుర్రం మొహం మాత్రం ఇంటివైపే ఉండేది!"

పందిరి కూలిపోతుందేమోనన్నంతగా నవ్వులు రేగాయి. ఉగ్రకేతుని చెవులు ఎర్రబడ్డాయి. "ఆ బిరుదు మా తాతగారిది. కొట్టివేయి."

"గానకళాకోవిద!" అని చదివాడు వంది, ఈసారి కొంచెం మెల్లగా.

ఒక మార్దంగికుడు ముందుకు వచ్చాడు. "ఆయన పాడుతుంటే చప్పట్లు కొట్టనివాడికి కొరడా దెబ్బలు. కొట్టి కొట్టి వాచిన ఈ చేతులతో ఏడాదిపాటు మృదంగం ముట్టలేదు."

"కొట్టివేయి!"

"అనాథరక్షక!"

ఒక అవ్వ కర్ర ఊతంతో లేచింది. "నేను అనాథనైంది ఆయన వల్లనే నాయనా" అని మాత్రం అని, కూర్చుంది. జనంలో ఒక్కరూ నవ్వలేదు. మరమరాలు నమిలే చప్పుడు కూడా ఆగింది. వంది ఎవరూ చెప్పకుండానే తరువాతి బిరుదుకు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి బిరుదులు ఎండుటాకుల్లా రాలాయి. సింహాసనం మీద ఇందుశేఖరుడు వేళ్ళు మడిచి తన బిరుదులకు సాక్షులెవరా అని లెక్క వేసుకుంటూ, లెక్క కుదరక కదిలి కూర్చుంటున్నాడు.

చివరికి ఒక్క బిరుదే మిగిలింది. "దయాసముద్ర!"

జనంలో ఒక్క చేయీ లేవలేదు. గవరయ్య గంటం పైకెత్తాడు.

"ఎవరూ లేరు ప్రభూ. ఇదీ కొట్టివేయమంటారా?"

"ఆగు!" ఉగ్రకేతుడు లేచాడు. పొద్దుటి నుంచి పడిన అవమానమంతా ఆ గొంతులో పొంగింది. "దయ లేదా మాకు? మమ్మల్ని అవమానించిన వాళ్ళకు సైతం చెరలో పూటపూటా గంజి పోయించాము!"

"ఏ చెరలో ప్రభూ? ఊరూ పేరూ లేని సాక్ష్యం చెల్లదు. వ్రాసుకోవాలి కదా!"

"వ్రాసుకో! నల్లగుండు కొండ వెనుక గుహలో! నలభై ఇద్దరు నేతగాళ్ళు! గంజిలో ఉప్పు కూడా వేయించాము!"

భేరీ కొట్టేవాడి చేయి గాలిలోనే ఆగిపోయింది. తానేమన్నాడో ఉగ్రకేతునికి అప్పుడు తెలిసివచ్చింది. నోరు మూసుకున్నాడు గాని, మాట అప్పటికే తాటాకుకు ఎక్కింది.

గవరయ్య ఇందుశేఖరుని వైపు తిరిగి చేతులు జోడించాడు. "మహాప్రభూ, మాజీ ప్రభువుల దయకు నలభై ఇద్దరు సాక్షులు దొరికారు. వాళ్ళను పిలిపించడానికి గుర్రాలు కావాలి."

పోలమ్మ అప్పటికే కొండదారి పట్టింది. గుర్రాలు ఆమెను ఊరి చివర దాటాయి.

మరునాడు మధ్యాహ్నం బండ్లు వచ్చాయి. నలభై ఇద్దరూ చిక్కిపోయి, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ దిగారు. అందరూ ప్రాణాలతోనే ఉన్నారు. కావలివాళ్ళు పారిపోతూ వదిలిన నూకలు, గుహలో ఊరే నీళ్ళు ఇన్నాళ్ళూ వాళ్ళను నిలబెట్టాయి. పోలమ్మ తన మగణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఏమిటయ్యా ఆ గడ్డం? ఎలుగుబంటి నయం!"

"అద్దం పంపావా నువ్వు?" అన్నాడు చెంగయ్య. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

గవరయ్య గంటం పట్టాడు. "చెంగయ్యా, చెరలో గంజి పోసిన మాట నిజమేనా?"

"నిజమేనండి. పూటకొక ముంత. నలభై ఇద్దరికీ కలిపి అదొక్కటే ముంత."

చివరి బిరుదు కూడా రాలింది. ప్రశ్నకు అడ్డం ఇక ఏమీ లేదు. విచారణ ఆ పూటే సాగింది, సాక్షులందరూ చెప్పవలసినది చెప్పారు, సూర్యుడు ఇంకా అస్తమించకముందే తీర్పు వచ్చింది. ఉగ్రకేతునికి యావజ్జీవం చెర.

ఇందుశేఖరుడు అంతసేపు బిగబట్టిన నవ్వును ఇక ఆపుకోలేకపోయాడు. కిరీటం పక్కకు ఒరిగేలా నవ్వి, తన పట్టుశాలువ తీసి గవరయ్యకు కప్పాడు.

"ఒక్క అక్షరం తగ్గనివ్వనని, అన్నిటినీ తగ్గించావు కదయ్యా! ఇదుగో, నేటి నుంచి నీకు 'ధీయుగంధర' అనే బిరుదు."

గవరయ్య భయపడినట్లు రెండడుగులు వెనక్కి వేశాడు. "మహాప్రభూ, నాకీ శిక్ష ఎందుకు? సాక్షులను ఎక్కడి నుంచి తెచ్చుకోను?"

"మేము లేమా?" అని నలభై ఇద్దరూ ఒక్కసారిగా అరిచారు. "నన్ను మరిచిపోకండి" అంది పోలమ్మ.

రాజు మళ్ళీ నవ్వి, వ్రాయమని సైగ చేశాడు. గవరయ్య కూర్చుని, ఒక్కొక్కరినీ అడిగి, తండ్రి పేరుతో సహా పొల్లుపోకుండా వ్రాసుకున్నాడు. బిరుదుకు ఒక్క మాట చాలింది. సాక్షుల పేర్లకు మాత్రం నాలుగు తాటాకులు పట్టాయి.