చాటింపు వినని ఊళ్ళు

కరువొచ్చిన ఏడు రాజుగారు గాదెలు తెరిపించి, అడిగినవాళ్ళకల్లా జొన్నలు కొలవమన్నారు. దివాను మాత్రం చాటింపు వేసే ఓబన్నను చాటుకు పిలిచి, "కోట వీధి దాటి నీ డప్పు వినబడిందా, చేతులు నరికిస్తాను" అన్నాడు. ఓబన్న భయపడి అలాగే చేశాడు. ఆ వీధి మేడలవాళ్ళు బండ్లు కట్టుకొచ్చి గాదెలు ఊడ్చుకుపోయారు.

ఆనోటా ఈనోటా విని పల్లెజనం పరుగున వస్తే, "చాటింపు వినని ఊరికి రాజాజ్ఞ వర్తించదు. తాతలనాటి కట్టడి" అని దివాను తలుపులు వేయించాడు. ఉత్త చేతులతో తిరిగెళ్ళినవాళ్ళలో ఓబన్న అక్క ఒకతె. నెల తిరక్కుండానే పోయింది.

నాలుగు వానలు పడ్డాయి. పన్ను ధాన్యం తెమ్మని రాజ్యమంతా చాటమన్నారు. ఓబన్న కోట వీధిలో చాటి, ఇంటికెళ్ళి పడుకున్నాడు. పల్లెల నుంచి ఒక్క గింజ రాలేదు. దివాను అతన్ని సభకు ఈడ్పించాడు.

"పల్లెల్లో ఎందుకు చాటలేదురా?"

"జొన్నలిస్తామన్న చాటింపు ఎంతవరకు వేయమన్నారో, తెమ్మన్న చాటింపూ అంతవరకే వేశాను దొరా. వినని ఊరికి ఆజ్ఞ వర్తించదని తమరే సెలవిచ్చారు కదా!"

రాజుగారు దివాను వైపు తిరిగారు. మేడల్లో దాచిన జొన్నలన్నీ పల్లెలకు పంచమని అప్పటికప్పుడే ఆజ్ఞ అయింది.

ఓబన్న ఊరూరా తిరిగి చాటాడు. అక్క ఇంటి దగ్గర ఆగి, మూసిన తలుపుకెదురుగా నిలబడి, చేతులు నొప్పెట్టేదాకా డప్పు కొట్టాడు.