ఎర్రగా ఉన్నంతసేపు

గురువు అనంతయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వారి చేతులు చూస్తారు. ఆ రోజు శిష్యుడు చిదానందం చేతులకు ఇంకా సున్నం అంటుకునే ఉంది. కొండ కింద పాఠశాలను రాయి రాయి పేర్చి కట్టుకున్నది అతనే. చదువు ముగిసిన విద్యార్థులను ఊళ్ళకు పంపి, అక్కడ బడులు పెట్టించమని గురువుగారు చెప్పి ఏడాది దాటింది. అతను మాత్రం గోడలకు సున్నం వేస్తూనే ఉన్నాడు.

"వీళ్ళు వెళ్ళిపోతే పాఠశాల బోసిపోతుంది స్వామీ. ఇంత చక్కగా కుదిరినదాన్ని చేతులారా చెదరగొట్టుకోవాలా?" అని అడిగాడు.

వాదనకు దిగితే చిదానందం ఎవరికీ లొంగడని ఆయనకు తెలుసు. అందుకని గుట్టలపల్లి బక్కన్న సంగతి చెప్పారు.

బక్కన్న ఇనుపరాయిని కాల్చి ఉక్కు తీసేవాడు. పుట్టమన్నులో ఊక కలిపి తొక్కి, నిలువెత్తు బట్టీ కట్టాలి. బొగ్గులు నింపి తిత్తులు ఊదాలి. లోపల ఉక్కు ముద్ద దిగగానే గడ్డపారతో బట్టీ ముందుగోడ పగలగొట్టి దాన్ని బయటికి లాగాలి. ప్రతిసారీ కట్టడం, ప్రతిసారీ పగలగొట్టడం, వాళ్ళ వంశంలో అదే పద్ధతి. బక్కన్న కట్టినవన్నీ ఎక్కడో ఒకచోట బీటలు వారేవి. ఆ ఏడు కట్టినది మాత్రం వెంట్రుకంత బీట లేకుండా నిలిచింది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. మెచ్చుకోలు ఎంతటివాడినైనా పాడుచేస్తుంది.

తొలకరి పడింది. ఆ రాతి నేలలో ఉక్కు కర్రు లేనిదే నాగలి దిగదు. రైతులు బట్టీ చుట్టూ కాచుకుని కూర్చున్నారు. ముద్ద దిగింది. భార్య ఎల్లవ్వ గడ్డపార అందిస్తే బక్కన్న అందుకోలేదు.

"గోడ జోలికి పోను. తిత్తి పెట్టిన బొక్కల నుంచి పట్టుకారుతోని గుంజుత" అన్నాడు.

గుంజాడు. పట్టుకారు వంగింది గాని ముద్ద కదలలేదు. చుట్టూ చిట్టెం, రాయి కరిగి కారిన మడ్డి, గట్టిపడుతోంది, ముద్ద అంచులు నల్లబడుతున్నాయి. రైతులు లేచి నిలబడ్డారు.

ఎల్లవ్వ కేకలు వేయలేదు. "ఎర్రగున్నంతసేపే అది ఊరిది. నల్లబడ్డదంటే బట్టీది. ఇగ నీ ఇష్టం" అని గడ్డపార అతని కాళ్ళ దగ్గర పడేసింది.

బక్కన్నకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గడ్డపార ఎత్తాడు. మొదటి పోటుకు గోడ పగల్లేదు, అంత గట్టిగా కట్టాడు మరి. పళ్ళు బిగించి కూలేదాకా పొడుస్తూనే ఉన్నాడు. ముద్దలో కొంత చిట్టెంతో కలిసి అక్కడే అతుక్కుపోయింది, వచ్చినంత సమ్మెట కిందికి పోయింది. అందరికీ కొత్త కర్రులు రాలేదు, ఒకరి కర్రు ఒకరు వాడుకుని దున్నుకున్నారు. తెల్లారేసరికి బక్కన్న మళ్ళీ పుట్టమన్ను తొక్కుతున్నాడు.

చిదానందం అడిగాడు: "మళ్ళీ అంత చక్కని బట్టీ కట్టగలిగాడా స్వామీ?"

"నేనూ అడగలేదు, ఆ ఊరూ అడగలేదు" అన్నారు గురువుగారు. సున్నం అంటిన ఆ చేతుల వైపు మరోసారి చూశారు. "నీ ముద్ద ఇంకా ఎర్రగానే ఉందా, నాయనా?"