ఒకే కప్పు, ఒకే కడుపు

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. ఏలడం కంటే, బాగా ఏలుతున్నారని పొగిడించుకోవడం ఆయనకు ఎక్కువ ఇష్టం. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. పేదలకు కోట గాదెల నుంచి జొన్నలు ఇస్తామని రాజు దండోరా వేయించాడు. జనం చేతులెత్తి మొక్కారు.

మర్నాడే ఆ దండోరాకు తోక తగిలించాడు.

"ఒక కప్పు కింద ఉన్నవాళ్లంతా ఒకే కుటుంబం. వాళ్లలో ఒక్కరికి తిండి ఉంటే అందరికీ ఉన్నట్టే. అటువంటి ఇంటికి గింజ కూడా ఇవ్వరాదు!"

రెండు రోజులు గడిచాక, ఈ ఆలోచన తన బుర్రలోనే పుట్టిందని రాజు నిండు కొలువులో మీసం దువ్వాడు. సభంతా ఆహా అంది. ఆస్థాన హాస్యగాడు కూచన్న మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ ఉదయమే పోలమ్మ అనే వితంతువు అతని గుమ్మంలో ఏడ్చి వెళ్లింది. నూనె గానుగ నడిపే బావగారి ఇంటి వసారాలో ఇద్దరు పిల్లలతో తలదాచుకుంటోంది. మూడు రాళ్ల పొయ్యి, ఒక కుండ, అదే ఆమె కాపురం.

"ఆయన లోపల పప్పన్నం తింటాడయ్యా. మాకు గంజి నీళ్లయినా పొయ్యడు. నా పొయ్యి వేరని మొత్తుకున్నా గాదె కాడ వినలేదు. నీ కప్పు కింద కలిగినోడున్నాడు, పో అన్నారు. పిల్లలు నిన్నటి నుంచి పస్తు" అంది.

ఆ మాట తలచుకుంటే కూచన్నకు కడుపు మండింది. కొలువు చాలించగానే తిన్నగా వంటశాలకు వెళ్లి, పెద్ద వంటవాడి చెవిలో ఏదో ఊదాడు.

మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చున్నాడు. బంగారు పళ్లెం పెట్టారు. కమ్మని నేతి వాసన వస్తోంది గానీ నెయ్యి రావడం లేదు. అన్నమూ లేదు.

"వంటవాడేడీ?" అని రాజు గర్జించాడు.

వంటవాడు పరుగున వచ్చాడు. వెనకే వచ్చిన కూచన్న, "ఈ ఇంట భోజనాలు అయిపోయాయి మహాప్రభూ" అన్నాడు వినయంగా.

"ఎవరు తిన్నారు?"

"తమరి వసారాలో ఉండే కావలి మల్లడు. తన సంకటి తాను వండుకుని, తిని, తేన్చాడు కూడా."

"వాడు తింటే నా కడుపు నిండుతుందా?"

"నిండాలి మరి! కప్పు ఒకటే కదా. తమరి శాసనం తమరి ఇంట్లోనే చెల్లకపోతే లోకం నవ్వదూ?"

"కప్పుతో పనేమిటయ్యా? వాడి పొయ్యి వాడిది, నా పొయ్యి నాది!"

"గానుగ ఇంటి వసారాలో ఉండే వితంతువు పోలమ్మ గాదె దగ్గర మొత్తుకున్నదీ ఇదే ప్రభూ. పొయ్యి వేరైతే కాపురం వేరని రాజ్యంలో పసివాళ్లకు కూడా తెలుసు."

రాజు ముఖం కందగడ్డ అయింది. కోప్పడదామంటే పొట్టలో ఎలుకలు పరుగెడుతున్నాయి. చివరికి ఆయనకే నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని పకపకా నవ్వాడు.

"గెలిచావోయ్ కూచన్నా! ఇకమీదట లెక్క పొయ్యిని బట్టే. ఇదిగో నీకు కంకణం. ఇప్పుడైనా వడ్డించమను!"

కూచన్న కంకణం కళ్లకద్దుకున్నాడు గానీ వంటవాడికి సైగ చేయలేదు.

"ముందు పోలమ్మకు జొన్నలు వెళ్లనివ్వండి ప్రభూ. తమరు తిన్నాక ఈ మాట గుర్తుంటుందో లేదో!"

రాజు మళ్లీ నవ్వి బండి కట్టించాడు. ఆ పూట పోలమ్మ పొయ్యి మీద ఎసరు మరిగాకే రాజుగారి పళ్లెంలో అన్నం పడింది.