దానిమ్మ ఎరుపు

చనిపోయిన అక్క చీర రంగు తరళకు టీవీలో ఎప్పుడూ సరిగ్గా కనబడలేదు. పెళ్లి వీడియోలో అక్క హైమ కట్టుకున్నది దానిమ్మ గింజల ఎరుపు. తెరమీద అది ఇటుక రంగులోకి దిగిపోయేది.

"ఆ ఎరుపు నేనే తయారుచేస్తాను మేడమ్," అంది తరళ, పరిశోధనకు చేరిన రోజునే.

మెహరున్నీసా మేడమ్ నవ్వలేదు. టీవీ తెరల కోసం క్వాంటమ్ చుక్కలు చేస్తూనే ఆమె జుట్టు నెరిసింది. తెర వెనక నీలం దీపాలుంటాయి. వాటి ముందు ఒక పొర, ఆ పొరనిండా కంటికి ఆనని రేణువులు. నీలం వెలుగు తాగి చిన్నవి ఆకుపచ్చగా, కాస్త పెద్దవి ఎర్రగా వెలుగుతాయి. పదార్థం ఒకటే, పరిమాణాన్నిబట్టి రంగు మారుతుంది. ఆ ఎరుపు, ఆకుపచ్చ, మిగిలిన నీలం కలిసే తెరమీది రంగులన్నీ పుడతాయి.

ఒక మధ్యాహ్నం ల్యాబులో, ఫ్లాస్కులో ద్రవం కాగుతోంది. లోపల రేణువులు పెరుగుతున్నాయి. తరళ కొంచెం కొంచెం చిన్న సీసాల్లోకి తీసి నీలం దీపం ముందు పెట్టి చూస్తోంది. ఆకుపచ్చ. పసుపు. నారింజ. ఎరుపు.

"చాలా?" అడిగారు మేడమ్.

"ఇంకొంచెం. అక్కది ఇంకా ముదురు."

మేడమ్ హీటరు ఆపలేదు.

ఎరుపు చిక్కబడింది. తరళ సీసాను దీపానికి ఇంకా దగ్గరగా జరిపింది. "ఇదేనేమో... ఉండండి, ఇంకొక్కటి చూస్తాను."

ఆ ఇంకొక్కటి మసకబారింది. దాని తర్వాతి సీసాలో ఏ రంగూ వెలగలేదు, నల్లగా ఉండిపోయింది.

తరళ స్టూలు మీద కూలబడింది. "పోయింది మేడమ్. అక్క మొహం కూడా ఇలాగే పోతోంది. కళ్లు మూసుకుంటే ఇదివరకు వచ్చేది. ఇప్పుడు రావడం లేదు."

మేడమ్ ఆ నల్లటి సీసాను తీసుకెళ్లి, వెలుగును కొలిచే యంత్రంలో పెట్టి మూత వేశారు.

కంప్యూటర్ తెరమీద గీత నేలబారుగా సాగింది. ఎరుపు ఉండే చోటు దాటింది. అప్పటికీ నేలబారే. ఆ తర్వాత, మనిషి చూపు ఆగిపోయే చోటుకు అవతల, మెల్లగా లేచి కొండలా నిలిచింది.

తరళ దగ్గరికొచ్చి ఆ గీతను వేలితో తాకింది.

"ఇది వెలుగేనా మేడమ్?"

"వెలుగే."

"మరి నాకెందుకు కనబడదు?"

మేడమ్ అప్పుడు వెళ్లి హీటరు ఆపారు.

"హద్దు నీ కంటిదమ్మా."

తరళ సీసాను బయటికి తీసి, రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది.