అటలాంటా పరుగు

ఇలా రా అమ్మడూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. అనగనగా గ్రీకు దేశంలో, ఒక ఊళ్ళో ఒక రాజు. ఆయనకి కూతురు పుట్టింది. కొడుకు కావాలనుకున్నాడుగా మహానుభావుడు, పసిగుడ్డుని అడవిలో వదిలేసి రమ్మన్నాడు.

అప్పుడు ఒక ఎలుగుబంటి ఆ పిల్లకి పాలిచ్చి సాకింది. ఆ తర్వాత వేటగాళ్ళు తీసుకెళ్ళి పెంచారు. పేరు అటలాంటా. నాకూ మొదట్లో నోరు తిరగలేదులే. పెద్దదయ్యేసరికి లేడితో సమానంగా పరిగెత్తేది.

ఆమె పేరు ఊరూరా పాకింది. అప్పుడు గుర్తొచ్చింది రాజుకి కూతురుందని. పిలిపించాడు, ముద్దుచేశాడు, మూడోరోజునే పెళ్ళిమాట ఎత్తాడు. ఆమెకి పెళ్ళొద్దు, అడవి కావాలి. ఆఖరికి ఒక పందెం కుదిరింది. పరుగులో ఆమెని ఓడించినవాడికే ఆమెనిస్తారు. ఓడిందా, విల్లూ అడవీ రెండూ వదులుకోవాలి.

ఎంతమందో వచ్చారు, ఓడారు. ఆ తర్వాత ఒక పెద్దింటి కుర్రాడొచ్చాడు. వాడి నడుముకి సంచి, సంచిలో మూడు బంగారు యాపిల్ పండ్లు. ఆడపిల్ల కదా, బంగారం కనబడితే వంగకుండా ఉంటుందా అని వాడి ధీమా.

వచ్చినవాణ్ణి నాలుగడుగులు ముందు వదలడం అక్కడి ఆనవాయితీ. వాడు ముందు పరిగెడుతూ మొదటి పండు వెనక్కి దొర్లించాడు. వంగిందా లేదా అని తిరిగి చూశాడు. ఆమె పండుని దాటేసింది. రెండోది విసిరి మళ్ళీ చూశాడు. అదీ దాటేసింది. వేటలో పెరిగిన పిల్లకి ఎర పక్కనే ఉచ్చుంటుందని తెలీదూ? అప్పుడు మూడోది విసిరి మళ్ళీ తల తిప్పాడు. వెనక ఎవరూ లేరు. ఆమె వాణ్ణి దాటి ముందుకెళ్ళిపోయింది.

పుస్తకంలో ఆమె వంగిందనీ, ఓడిందనీ చదివావా? చదివితే చదివావులే. వాళ్ళ కథ వాళ్ళది, నా కథ నాది.

పరుగు ముగిసే గీత దగ్గర తండ్రి నించునున్నాడు. "శభాష్ తల్లీ. రేపు ఇంకొకడు వస్తున్నాడు, సిద్ధంగా ఉండు" అన్నాడు.

"ఓడితే పెళ్ళి, గెలిస్తే ఇంకో పందెం. మరి నేను గెలిచేదెప్పుడు నాన్నా?" అందామె.

అప్పుడామె చెప్పులు బిగించుకుని మళ్ళీ పరుగందుకుంది. ఈసారి ముందు ఎవరినీ వదల్లేదు, ఎక్కడా ఎవరూ గీత గీయలేదు. అడవి చేరేదాకా ఆమె ఆగలేదు.

కథేమో కంచికి,
పిల్లేమో అడవికి,
మనమేమో నిద్రకి.