ఉరుసుకు దాచిన మామిడికాయలు

జిలానీ దిగులంతా మామిడికాయల గురించే.

కొండ కింది దర్గాలో నబీ సాహెబ్ శిష్యుల్లో అతనంత చురుకైనవాడు లేడు. ఆ ఏడు ఉరుసు మామిడికాలం దాటాక వచ్చింది. పళ్ల వ్యాపారం చేసే భక్తుడొకడు అప్పటికే దర్గాలో ఒక చల్లగది, దానికో ముందుగది కట్టించి ఇచ్చాడు. ఇంకేం! "ఉరుసుకొచ్చిన ప్రతి బిడ్డ చేతిలో మామిడిపండు పెడతాం" అని జిలానీ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి చాటి వచ్చాడు. తోటలో కోసిన కాయల్ని ఎండవేడి మీదే తెచ్చి చల్లగదిలో పోయించి, చలి పెంచే మీటను చివరంటా తిప్పేశాడు.

"ఎంత చల్లగా ఉంటే అంత కాలం నిలుస్తాయి హజ్రత్!"

సాహెబ్ గడ్డం నిమురుకుంటూ పందిరి కిందికి నడిచాడు.

కొన్నాళ్లకు జిలానీ నాలుగు కాయలు తీసి గడ్డిలో మగ్గవేశాడు. బయటి వేడి తగిలేసరికి తోలు మీద బూడిదరంగు మచ్చలు తేలాయి, గుంటలు పడ్డాయి. ఎన్నాళ్లు చూసినా పండలేదు. కోస్తే లోపల చప్పగా రబ్బరుముక్కలా ఉంది. మిగతా కాయలదీ అదే గతి. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"ఇక ఆఖరి నాలుగు చెట్ల కాపే మిగిలింది. పిల్లలకు ఏం ముఖం చూపించను? నేను చేసిన తప్పేమిటి హజ్రత్?"

"పద, చల్లగదిలో కూర్చుని ఆలోచిద్దాం" అన్నాడు సాహెబ్.

అప్పటిదాకా ఎండలో కట్టెలు కొట్టిన జిలానీకి ఒళ్లంతా చెమటలు. అలాగే వెళ్లి లోపల బాసింపట్టు వేసుకున్నాడు. సాహెబ్ మాత్రం రాలేదు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే పందిరి నీడన తీరిగ్గా మజ్జిగ తాగుతున్నాడు. తర్వాత లేచి, అంత చలి లేని ముందుగది దాకా వచ్చి, మళ్లీ అక్కడ చతికిలబడ్డాడు.

"హజ్రత్, వస్తున్నారా?"

"వస్తున్నా బేటా, వస్తున్నా."

జిలానీ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చెమటకు తడిసిన చొక్కా మంచుముద్దయింది.

చివరికి సాహెబ్ కంబళి కప్పుకుని లోపలికొచ్చాడు. ముందు మీటను సగానికి తిప్పి, తర్వాత శిష్యుడి పక్కన కూర్చున్నాడు.

"హాయిగా ఉంది కదూ?"

"మీ... మీకు..." జిలానీ మోకాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

డెబ్భై దాటిన ఆ మనిషికి వణుకన్నదే లేదు. జిలానీ కంబళి వైపు చూశాడు. ముందుగది వైపు, మీట వైపు చూశాడు. అంత వణుకులోనూ అతనికి నవ్వాగలేదు. సాహెబ్ కూడా పకపకా నవ్వాడు.

ఆఖరి చెట్ల కాయల్ని జిలానీ పొద్దున్నే, చల్లపూట కోయించాడు. పందిరి నీడన ఆరబెట్టాడు. ఆపైన ముందుగదిలో ఉంచి, అప్పుడు గానీ లోపలికి చేర్చలేదు. మీటను సాహెబ్ తిప్పిన చోటి నుంచి కదపలేదు. ఉరుసు దగ్గర పడ్డాక తీసి గడ్డిలో వేస్తే, బంగారు రంగు తిరిగి దర్గా అంతా ఘుమఘుమలాడింది.

ఉరుసునాడు పిల్లల మోచేతుల దాకా రసం కారుతుంటే, జిలానీ గురువుకో పండు అందించాడు.

"హజ్రత్, నేను మీట తిప్పిన రోజే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా?"

సాహెబ్ టెంక చీకుతూ అన్నాడు:

"ఆ రోజు నువ్వు మంచి వేడి మీదున్నావు బేటా. మెల్లగా చల్లారనిచ్చాను."